పన్నెండు వారాల టిక్కులు

“ఆ నరం పుటుక్కున తెగిందంటే నీ గతేం కానే?” పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ అంది తల్లి.

కూతురు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆమెది. ఏడాదిగా మడమ వెనక నరం పీకుతోంది. మంచం దిగగానే వేసే ఆ నాలుగడుగులే ప్రాణం తీస్తాయి.

“అతికిస్తార్లేమ్మా, కవరుకి బంక రాసినట్టు,” అని సంచీ తగిలించుకుంది. ఆ రోజు ఫిజియోథెరపీ మేడమ్‌ను కలవాల్సి ఉంది. సెలవు దొరక్క తల్లినే వెళ్ళి రమ్మంది.

మూడు నెలల కిందట ఆ మేడమ్ గడులు గీసిన కాగితం ఇచ్చింది. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమ మెల్లగా కిందికి దించాలి. కాస్త నొప్పికి బెదరకుండా పన్నెండు వారాలు చెయ్యాలి, చేసిన రోజు టిక్కు పెట్టాలి. దానికీ లొంగకపోతేనే మిషనుతో వైద్యమో, ఆపరేషనో ఆలోచిద్దామంది.

మొదటి రోజే కూతురు మొహం చిట్లించింది. నరం తెగి ఆపరేషను దాకా పోతుందని తల్లి చెయ్యి పట్టుకుని మెట్టు దింపేసింది. రోజూ అదే వరస. వారం తిరక్కుండానే కూతురు విసిగి మానేసింది. మిగిలింది వేన్నీళ్ళ కాపడం ఒక్కటే.

సాయంత్రం కూతురు కుంటుకుంటూ వచ్చేసరికి బల్ల మీద మేడమ్ రాసిన చీటీ ఉంది. వ్యాయామం క్రమం తప్పకుండా చేసినా గుణం కనపడలేదు కాబట్టి ఆపరేషన్ డాక్టరును కలవమని. కూతురు రెండుసార్లు చదివింది.

“ఎవరు చేశారమ్మా?”

తల్లి తలెత్తలేదు. గడులు ఖాళీగా కనపడితే పిల్లను చీవాట్లు పెడతారని టిక్కులు రోజూ తనే పెట్టానంది. మేడమ్ కాగితం చూసి మెచ్చుకుంటూ ఈ చీటీ రాస్తుంటే నిజం చెప్పలేకపోయానంది.

“ఏ కత్తికి భయపడి నిన్ను మెట్టు దింపానో, దాని దగ్గరికి నేనే తోశానే.”

ఆపరేషనంటే నెలల తరబడి ఇంట్లోనే. తర్వాత ఆ సంచీ మొయ్యగలదో లేదో ఎవరూ చెప్పలేరు. కూతురు బూట్లు విప్పి కూర్చుంది. తల్లి వేన్నీళ్ళ బేసిను తెచ్చి పెట్టింది. కూతురు కాలు వెనక్కి తీసుకుంది. నీళ్ళు చల్లారిపోయాయి. తల్లి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

చాలాసేపటికి కూతురు లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాటింది.

“మెట్ల దగ్గర లైటెయ్యమ్మా. నేను దించుతాను, నువ్వు లెక్కపెట్టు. నేను మొహం చిట్లిస్తే నువ్వు అటు తిరుగు. రేపు మేడమ్‌తో ఆ టిక్కుల సంగతి మాత్రం నువ్వే చెప్పాలి.”