ఫ్రెంచి ప్రతి కింద దిండు

సీన్ నది ఒడ్డున, పట్టపగలు, చేపల బుట్టల మధ్య డొక్కలో కత్తి దిగి పడున్నాడు గాస్పార్. గూఢచారి రువోకి కబుర్లు చేరవేసే మనిషి.

"సంధి బల్ల మీద... ముద్ర నొక్కగానే పేలుతుంది," అన్నాడు, మీదికి వంగిన రువోతో. చొక్కా పట్టుకున్న చెయ్యి అలాగే బిగుసుకుపోయింది.

ఆ నెత్తుటి చొక్కాతోనే వెళ్ళి రహస్య విభాగం అధిపతి మోర్వాన్ ముందు నిలబడ్డాడు.

"కెప్టెన్ రావ్నిట్స్ ముఠా పనయ్యా ఇది," అన్నాడు మోర్వాన్. "మనం కట్టే యుద్ధ పరిహారం ఆ ప్రష్యా వాళ్ళకి ఆనలేదట. పారిస్‌ని దోచుకోవాలట. మన మంత్రి చస్తే సంధి లేదు. పొద్దుగూకేలోగా సంతకాలు పడకపోతే వాళ్ళ ఫిరంగులు ముందు స్ట్రాస్‌బర్గ్ మీద పేలతాయి."

రువో పెళ్ళాం, చంటిబిడ్డ స్ట్రాస్‌బర్గ్‌లోనే ఉన్నారు.

"సభ వాయిదా వేయించండి."

"వేస్తే వాడి పని మనమే చేసిపెట్టినట్టు. ఇంకో మాట. ప్రష్యా రాయబారి రావ్నిట్స్‌కి సొంత మేనమామ. అవునుగానీ, ఏడాదిలో చక్రవర్తి పోయాడు, రాజుగారు తిరిగొచ్చారు. నువ్వు మాత్రం ఈ కొలువు వదల్లేదేం?"

"జీతమిచ్చే కిటికీ మారలేదు కదండీ!"

నౌకరు వేషంలో, పొడి చల్లిన విగ్గుతో రువో సంధి జరిగే భవనంలోకి దూరాడు. సంధి గది బయట ఒర్తాన్స్ ఎదురైంది. ఆకుపచ్చ పట్టుగౌను, చేతిలో విసనకర్ర. రెండు పక్షాల జీతమూ తీసుకునే మనిషి.

"చలిగా ఉంది," అన్నాడు. అది కోడ్.

"బెర్లిన్‌లో ఇంకా చలి," అని దగ్గరికి జరిగింది. "సంధి పత్రం రెండు ప్రతుల్లో ప్రష్యా ప్రతి కింద దిండులో ఉంది పేలుడు మందు. నొక్కితే పేలుతుంది. దాని మీద మొదటి ముద్ర మీ మంత్రిది. ఓడినవాడినేగా ముందు వంగమనేది! పరుగెత్తు బాబూ."

రువో కదల్లేదు.

"ఎన్ని సంధులు చూశావమ్మా నువ్వు? ఓడినా గెలిచినా, ఎవరి ప్రతి మీద వాళ్ళదే మొదటి ముద్ర. ప్రష్యా ప్రతి పేలితే చచ్చేది రావ్నిట్స్ మేనమామ. మందు ఉన్నది మా ప్రతి కింద!"

ఆమె నవ్వు చప్పున ఆరిపోయింది. విసనకర్ర లోంచి కత్తి జారి రువో చెంపని చెవి దాకా చీల్చింది. అతను కొవ్వొత్తుల స్తంభం పెరికి ఆమె మణికట్టు మీద కొట్టాడు. ఎముక చిట్లిన చప్పుడయింది. తలుపు దగ్గర కాపలా ఉన్న ముఠావాడు గుర్రుమంటూ మీదికి దూకాడు. అదే స్తంభం వాడి కంఠంలో దిగింది. వాడి మీదినుంచి దాటి, తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు రువో.

లోపల ఫ్రెంచి మంత్రి కరిగిన లక్క మీదికి కంచు ముద్ర దించుతున్నాడు.

రువో బల్ల మీదికి దూకి మంత్రి చెయ్యి తోసేశాడు. ప్రతి కిందున్న ముఖమల్ దిండు లాగి కిటికీలోంచి విసిరాడు. అద్దాలు భళ్ళున పగిలాయి. కింద రాళ్ళ మీద దిండు పడిందో లేదో, భవనం అదిరింది.

రువో తొంగిచూశాడు. పేలుడు వినగానే ఫిరంగులు పేల్చమనే కబురుతో స్ట్రాస్‌బర్గ్ దౌడు తీద్దామని జీనెక్కి కూర్చున్న రావ్నిట్స్, దాన్ని మరీ దగ్గరనుంచి విన్నాడు. గుర్రం మిగిలింది. జీను మీద బూటు ఒక్కటే మిగిలింది.

ఆకాశంలో ఇంకా ఎర్రజీర ఉంది. మంత్రి విగ్గు సర్దుకుని, ముద్ర మళ్ళీ చేతిలోకి తీసుకుని, ప్రష్యా రాయబారి వైపు తిరిగాడు.

"ఆ కిటికీ అద్దాలు కూడా పరిహారంలో కలిపేసుకోండి. అంత అప్పులో అదెక్కడ కనబడుతుంది!"