రెండు గంటల రద్దీ

అయినా, నాన్నకి ఇంకొకరు చెప్పేదేముంటుంది? విడిపోయిన పుస్తకం చేతికి ఇస్తే చాలు, ఎక్కడ కుట్టు తెగిందో తడిమి చెప్పేస్తాడు. అలాంటి మనిషికి సలహానా? అదీ ఊరికే ఇస్తారట. ఊరికే ఎందుకిస్తారు?

“పదకొండో లెక్క అయిందా?”

టీచరు గొంతు విని ఆ అమ్మాయి ఉలిక్కిపడింది.

“చేస్తున్నాను టీచర్.”

చేయడం లేదు. పెన్సిలు ఇంకా తొమ్మిదో లెక్క దగ్గరే ఉంది.

క్లాసులో అందరూ ఆమెను లాయరు అంటారు. ఎవరినైనా ఎవరైనా ఒక్క మాటంటే మధ్యలో దూరి వాదిస్తుంది. ఈసారి నాన్నని ఎవరూ ఏమీ అనలేదు. అయినా లోపల వాదన ఆగడం లేదు.

నాన్నది బైండింగ్ కొట్టు. ఈ మధ్య పని బాగా తగ్గింది. లైబ్రరీ మేడమీద, చిన్న కొట్లవాళ్ళకి ఉచితంగా సలహాలిచ్చే గది ఒకటుంది. ముప్పై ఏళ్ళు కుర్చీల ఫ్యాక్టరీ నడిపి మానేసిన ఒక పెద్దావిడ ప్రతి శనివారం అక్కడ కూర్చుంటుంది. పోయిన శనివారం నాన్న వెళ్ళాడు. లాయరు గాజు తలుపు బయట నిలబడి చూసింది. నాన్న చిన్న కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు, హెడ్మాస్టరు పిలిపించిన పిల్లాడిలా. అప్పటినుంచీ కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది.

రేపు శనివారం ఆ గదికి బదులు ఆవిడే కొట్టుకి వస్తుంది. రెండు గంటలు కూర్చుని, ఎవరెవరు వస్తారో, ఏం అడుగుతారో చూసి రాసుకుంటుంది. ఎవరూ రాకపోతే? అప్పుడు నాన్న ముఖం ఎలా ఉంటుంది?

లాయరు నోట్‌బుక్ చివరి కాగితం చింపింది. “రేపు పదింటికి చిరిగిన పుస్తకాలతో మా కొట్టుకి రండి. ఒక్కొక్కళ్ళే రండి. నేను తెలిసినట్టు ఉండొద్దు” అని రాసి, నాన్న ఎప్పుడూ చూడని ఆరుగురిని ఎంచుకుని పంపింది.

ఒక్కొక్కళ్ళే రమ్మంటే ఆరుగురూ ఒక్కసారే వచ్చారు.

కొట్టు ఇరుకు. సగం చోటు పెద్ద ఇనుప ప్రెస్సుదే. జిగురు రాసిన పుస్తకాన్ని అందులో పెట్టి చక్రం తిప్పి బిగిస్తే, తెల్లారేసరికి పలకలా గట్టిపడుతుంది. మిగిలిన సగంలో పిల్లలు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుతున్నారు. సలహాల మేడమ్ మూల స్టూలు మీద కూర్చుని రాసుకుంటోంది.

“ఇది ఎక్కడా చిరగలేదే?” అన్నాడు నాన్న, ఒక డిక్షనరీని తిరగేసి చూస్తూ.

“చిరగబోతోంది అంకుల్,” అన్నాడు దాన్ని తెచ్చినవాడు.

నాన్న గట్టిగా నవ్వాడు. ఎన్నాళ్ళకో అలా నవ్వడం! లాయరుకి ఒళ్ళంతా తేలికైంది.

అప్పుడే కాలేజీ ఆఫీసు గుమాస్తా రెండు లావు రిజిస్టర్లతో గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు. “బాబోయ్, మళ్ళీ వస్తాలెండి,” అని వెనక్కి తిరిగాడు. నాన్న వినలేదు. లాయరు విన్నది. పిలుద్దామనుకుంది. పిలవలేదు.

మంగళవారం మేడమ్ ఒక కాగితం పంపింది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, అమ్మకి వినిపించాడు.

“మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా పిల్లలేనట. పెద్ద పని తగ్గించి, ముందువైపు పిల్లల నోట్‌బుక్కుల అరలు పెట్టమంది. నాకు ఇన్నాళ్ళూ కనబడలేదు చూడు!”

“మరి అరలు ఎక్కడ పెడతావు?” అంది అమ్మ.

“ప్రెస్సు తీసేస్తే బోలెడు చోటు. శనివారం మధ్యాహ్నం పట్టుకుపోయేవాళ్ళు వస్తారు.”

“ప్రెస్సు లేకపోతే రిజిస్టర్లు ఎలా చేస్తావు?”

“చెయ్యను. కాలేజీవాళ్ళకి చెప్పేస్తాను.”

లాయరు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

మర్నాడు బడిలో డిక్షనరీవాణ్ణి పట్టుకుంది. “నీ పుస్తకాలు నెలకి ఎన్ని చిరుగుతాయి?”

“ఒక్కటీ చిరగదు. చిరిగితే మా అమ్మ నన్ను బైండింగ్ చేస్తుంది!”

మిగతావాళ్ళని కూడా అడిగింది. ఇంట్లో గమ్ ఉందిగా అన్నారు.

పోనీ, కొత్త అరలు చూసి వేరే పిల్లలు వస్తారేమో. వస్తారు. తప్పకుండా వస్తారు. తన వాదన తనకే బాగా నచ్చింది. అయినా రాత్రి పక్కమీద పడుకుంటే, గుమాస్తా వీపు కనిపించేది. చెబితే నాన్న చిన్నబోతాడు. చెప్పకపోతే? ప్రెస్సు పోతుంది.

శనివారం పొద్దున మేడమ్‌కి థాంక్స్ చెప్పి వస్తానని నాన్న బయల్దేరాడు.

“నేనూ వస్తాను,” అంది లాయరు.

ఈసారి గాజు తలుపు లోపలికి వెళ్ళింది. అక్కడ తలలు దించుకున్న మనుషులు ఉంటారనుకుంది. లోపల నవ్వులు వినిపిస్తున్నాయి.

“నా కేకులు ఎంత బాగుంటాయో అడగండి,” అంటోంది ఒకావిడ. “ఇల్లు చేరేసరికి పెట్టెలో ముక్కలైపోతున్నాయి. దానికి నన్ను తిడుతున్నారు.”

“పగిలిన కేకే ఒకటి తెచ్చి చూపించండి,” అంది మేడమ్. “బాగున్నది చూస్తే నాకేం తెలుస్తుంది?”

“పగిలినదైతే తినడానికి నేను రెడీ,” అన్నాడు పక్కన కూర్చున్న తాళాల కొట్టాయన. అందరూ నవ్వారు, కేకులావిడతో సహా.

నాన్న వెళ్ళి ఆ చిన్న కుర్చీలో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీదికి వెళ్ళాయి. దగ్గర్నుంచి చూస్తే అది భయం కాదు. చెప్పేది ఒక్క మాట కూడా పోకుండా వినాలని ముందుకి వంగడం. ప్రెస్సు చక్రం బిగించేటప్పుడు కూడా నాన్న ఇలాగే వంగుతాడు.

“మేడమ్,” అంది లాయరు. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. “మేడమ్, ఆ రోజు వచ్చిన పిల్లలు వాళ్ళంతట వాళ్ళు రాలేదు. నేను రమ్మంటే వచ్చారు. కాలేజీ గుమాస్తా గారు రిజిస్టర్లు తెచ్చి, వాళ్ళని చూసి వెళ్ళిపోయారు. నేను చూశాను.”

నాన్న నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు.

“ఎందుకమ్మా?”

“నువ్వు ఖాళీగా కూర్చున్నావని ఆవిడ అనుకుంటుందని.”

“నేను ఇక్కడికి వచ్చిందే ఖాళీగా కూర్చుంటున్నానని చెప్పుకోవడానికి కదా!” అన్నాడు నాన్న. వెంటనే లేచి, ప్రెస్సు కోసం రావద్దని ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు.

మేడమ్ ఆ రోజు తను రాసుకున్నదంతా కొట్టేసింది. “తొందరపడింది నేను కూడా. రెండు గంటలు చూసి అంత మాట రాయకూడదు. ఈసారి వారమంతా చూద్దాం. గంటగంటకీ ఎవరొచ్చారో రాయాలి. సాయంత్రాలు నువ్వు రాస్తావా?”

లాయరు తలూపింది.

సోమవారం సాయంత్రం. కొట్టులో జిగురు వాసన. కాలేజీ రిజిస్టర్లు రెండూ ప్రెస్సులో ఉన్నాయి. వాటిని పొద్దున నాన్నే వెళ్ళి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆయన దారం చిక్కు తీస్తున్నాడు. మేడమ్ మధ్యలో ఒకసారి చూసిపోతానంది. గోడ గడియారం ఆరు కొట్టింది.

వీధిలో డిక్షనరీవాడు సైకిలు ఆపి, లోపలికి తొంగి చూశాడు.

“కొట్టు ఖాళీగా ఉందే! మావాళ్ళని పిలుచుకురానా లాయరూ?”

లాయరు వద్దన్నట్టు చెయ్యి ఊపింది. కాగితం మీద స్కేలు పెట్టి గీత గీసి, దాని పక్కన గుండ్రంగా రాసింది:

“ఐదు నుంచి ఆరు. ఎవరూ రాలేదు.”