బొట్టు లేని డిస్క్

మదనపల్లె టమోటా మార్కెట్‌లో వేలం మొదలవకముందే గోవిందప్ప శవం దొరికింది. ఖాళీ క్రేట్ల వరుసల మధ్య పక్కకు ఒరిగి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన మచ్చ. హమాలీలు గుండెపోటు అనుకున్నారు. ఊరంతా అదే అనుకునేలా గూఢచారి డిపార్ట్‌మెంట్ చూసుకుంది. ఇలాంటి పనుల్లో డిపార్ట్‌మెంట్ మహా చురుకు. మిగతా పనుల సంగతి అడక్కండి.

ఊరి బయట కోల్డ్ స్టోరేజ్ అని బోర్డు పెట్టుకున్న భవనంలో ఆపరేషన్స్ చీఫ్ శోభారాణి ఒక ఖాళీ ఇనుప రాక్ ముందు నిలబడి ఉంది. ఎదురుగా ఏజెంట్ ధనుంజయ.

"గోవిందప్ప మన స్టోర్ కీపర్," అంది ఆమె. "ఈ రాక్‌లో పాత స్టోరేజ్ సర్వర్ ఉండేది. దాన్ని ఏం చేయాలా అని ఏళ్ల తరబడి మీటింగులు జరిగాయి. డేటా చెరిపేసి కాలేజీలకు ఇద్దామని ఒకరు. వేలం వేద్దామని ఒకరు. మ్యూజియంలో పెడదామన్న మహానుభావుడు కూడా ఉన్నాడు. చివరికి డిస్కులన్నీ ష్రెడ్డర్‌లో వేసి పొడి చేయమన్నారు."

"చేశారా?"

"చేసినట్టు సర్టిఫికెట్ ఉంది. గోవిందప్ప సంతకం, సెక్యూరిటీ ఆడిట్ తరఫున రమ్యశ్రీ సంతకం. కానీ నిన్న ఆయుధాలమ్మే కోబాల్ట్ ముఠా మెసేజ్ ఒకటి మనకు చిక్కింది. సరుకు అందింది, గొంతు ఉంది, అని."

ఆ గొంతు ఎవరిదో ధనుంజయకు తెలుసు. తేజస్విని. పరాయి దేశంలో ఆ ముఠా నడిపే క్షిపణుల కంపెనీలో, మారు పేరుతో దుబాసిగా పనిచేస్తోంది. ఆమె ఫోన్‌లో చెప్పిన ప్రతి రిపోర్టూ ఆ పాత సర్వర్‌లోనే రికార్డయి ఉంది. ఆమెకు ట్రైనింగ్ ఇచ్చిందీ, విమానం ఎక్కించిందీ ధనుంజయే.

"గొంతు వాళ్ల సాఫ్ట్‌వేర్‌కు అందితే చాలు, పొద్దు గూకేలోపు పట్టేస్తారు," అంది శోభారాణి. "ప్రాణాలతో వదలరు."

"వెనక్కి పిలిపించండి."

"ఎలా? ఆమె మనకు ఫోన్ చేయాలి తప్ప మనం చేయలేం. మళ్లీ కాల్ ఈ సాయంత్రమే." ఆమె ఖాళీ రాక్ వైపు చూసింది. "తేజస్విని గోవిందప్ప కూతురే. నీకు తెలుసుగా."

"కూతురి గొంతు ఇందులో ఉందని ఆయనకు తెలుసా?"

"చెప్పకూడదు. రూల్."

రూల్. రోజూ కూతురి గొంతు పక్కనే కూర్చుని మధ్యాహ్నం క్యారియర్ విప్పుకున్నాడు ఆ మనిషి.

పుంగనూరులో గోవిందప్ప ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. శవం ఇంకా ఆసుపత్రి నుంచి రాలేదు. ఇన్సూరెన్స్ మనిషి వేషంలో, చంకలో బ్యాగుతో వెళ్లాడు ధనుంజయ. గోవిందప్ప భార్య మునిలక్ష్మమ్మ పశువుల పాక గుంజకు ఆనుకుని కూర్చుంది. పాలు పితకలేదని పొట్టి ఆవు అరుస్తూనే ఉంది.

"గుండెపోటంటాండారు," అంది ఆమె. "మొన్న కూడా తవుడు మూట ఒక్కడే దించినాడప్పా. ఆయన గుండెకేం రోగం?"

"ఆఫీసు సంగతులేమన్నా చెప్పినాడామ్మా?" ధనుంజయది పలమనేరు. ఆ యాస నోట్లోకి దానంతటదే వచ్చింది.

"పాత డిస్కులేవో పొడి చెయ్యమన్న్యారంట. ఆ పెద్దోళ్లకు పండగేంది, పబ్బమేంది. సరిగ్గా ఆయుధపూజ నాడే చెయ్యల్లంట. ఆ పొద్దు మిషన్‌కు ఎవురన్నా పని చెప్తారా? ఈయన మిషన్ కడిగి, డిస్కులన్నిటికీ గంధం, కుంకం పెట్టి, కర్పూరం యెలిగించి తలుపేసుకోని వచ్చేసినాడు. ఇన్నేండ్లు మనకు అన్నం పెట్నాయి, ఒక పొద్దు ఆగితే ఏం పోతాది, అనె."

"ఆ మాట ఎవరికన్నా చెప్పినాడా?"

"ఆడిట్ మేడంకు చెప్పినాడు. పండగ నాడే చేసినట్టు రాసెయ్యి, నేను సూసుకుంటా అనిందంట ఆయమ్మ. మంచి మనిషి అని ఎంత పొగిడినాడో." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మర్సటి దినం మిషన్‌లో ఏస్తాంటే ఒక డిస్కుకు బొట్టు లేదంట. అన్నిటికీ నా చేత్తోనే పెట్నానే, దీనికి యాల లేదు అని, అన్నం తింటా కూడా అదే మాట. మేడంకే ఫోన్ చేసినాడు. తెల్లారి మార్కెట్‌కాడికి రా, మాట్లాడదాం అనిందంట."

అంతా తేటతెల్లమైంది. పండగ పూట స్టోర్ ఖాళీగా ఉంటుందని రమ్యశ్రీకి ముందే తెలిసింది. అసలు డిస్క్ తీసి డమ్మీ పెట్టింది. స్టిక్కర్, సీరియల్ నంబర్, అంచున ఉన్న గీత కూడా అచ్చం అలాగే దించింది. బొట్టు పెట్టాలని మాత్రం తోచలేదు. అది కనిపెట్టిన మనిషి నేరుగా ఆమెకే చెప్పుకున్నాడు.

"నా బిడ్డకెవురు చెప్తారప్పా?" అంది మునిలక్ష్మమ్మ. "ఫారిన్‌లో ఉండాది. నంబరు కూడా ఈలేదు. నాయన్ను కడసారన్నా సూసుకోవాల కదా."

ధనుంజయ బ్యాగు జిప్పు లాగుతూ కూర్చున్నాడు.

కారెక్కగానే రమ్యశ్రీకి ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావు?"

"హైదరాబాద్. గోవిందప్ప గురించి విన్నాను. పాపం."

ఫోన్ పెట్టేసేలోపు శోభారాణి టీం లైన్ ట్రేస్ చేసింది. టవర్ కుప్పంలో ఉంది. గ్రానైట్ యార్డుల వైపు.

మిట్టమధ్యాహ్నం కుప్పం యార్డులో రంపాల మోతకు చెవులు హోరెత్తుతున్నాయి. లుంగీ, తలకు తువ్వాలు, పెట్టుడు మీసంతో లారీ డ్రైవర్‌లా లోపలికి నడిచాడు ధనుంజయ. జేబులో అగ్గిపెట్టె ఉంది. అది అగ్గిపెట్టె కాదు, సిగ్నల్ జామర్. బ్యాటరీ మాత్రం అగ్గిపుల్ల వెలిగినంత సేపే అని ల్యాబ్ వాళ్లు ముందే చేతులెత్తేశారు.

పెద్ద రంపం తిరుగుతున్న షెడ్‌లో విక్టర్ ఉన్నాడు. కోబాల్ట్ మనిషి. గ్రానైట్ కొనే విదేశీ వ్యాపారిగా వీసా తెచ్చుకున్నాడు. రాతి దిమ్మె మీద ల్యాప్‌టాప్, దానికి తగిలించిన పాత డిస్క్. డిస్క్ అంచున గంధం ఎండి పొలుసుగా ఉంది. పక్కనే నల్లద్దాలు, నేరేడు రంగు పట్టుచీరలో రమ్యశ్రీ. అంత దుమ్ములోనూ చీర నలగలేదు.

రంపం మోతను మించి స్పీకర్‌లోంచి ఒక గొంతు వచ్చింది. "నేనే మాట్లాడతాండాను. ఈ వారం సంగతులు రాసుకోండి."

తేజస్విని గొంతు. స్క్రీన్ మీద అప్‌లోడ్ గీత సగం దాటింది. ధనుంజయ జేబులో చెయ్యి పెట్టి మీట నొక్కాడు. గీత ఆగింది.

విక్టర్ కీబోర్డ్ కొట్టాడు. శాటిలైట్ ఫోన్ తిప్పి చూశాడు. తర్వాత రమ్యశ్రీ వైపు చూశాడు. "సిగ్నల్ పోయింది. ఇది నీ పనేనా?"

"నేనెందుకు..." ఆమె చూపు గుమ్మం వైపు తిరిగింది. "ధనుంజయా. ఆ మీసం నీకు నప్పలేదు."

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం విక్టర్‌కు చాలు. ఒకసారి సొంత వాళ్లను అమ్మిన మనిషి రెండోసారి అమ్మదని వాడెందుకు నమ్ముతాడు? సైలెన్సర్ దగ్గింది. రమ్యశ్రీ రాతి దిమ్మెకు ఆనుకుని కూలబడింది.

రెండో తూటా ధనుంజయ భుజం చీల్చుకుపోయింది. చేతికందిన గడ్డపార తిప్పి విసిరాడు. అది విక్టర్ మోకాలి చిప్ప మీద తగిలింది. వాడు పడ్డాడు, పిస్తోలు రంపం కింది బురద నీళ్లలోకి జారింది. అదే నిమిషంలో జేబులో జామర్ వేడెక్కి చచ్చిపోయింది. గీత మళ్లీ కదిలింది, చివరి గడి దగ్గరికి వచ్చింది.

అది నిండకముందే ధనుంజయ ల్యాప్‌టాప్‌నీ డిస్క్‌నీ వైర్లతో సహా ఎత్తి, తిరుగుతున్న రంపం కిందికి తోశాడు. నిప్పురవ్వలు లేచాయి. స్పీకర్‌లో తేజస్విని "ఉంటాను" అంటూ ఉండగా గొంతు తెగింది. ముక్కలు నీళ్లలో పడ్డాయి. కమిటీలు ఏళ్ల తరబడి తేల్చలేని పనిని రంపం ఒక్క ఊపులో తేల్చేసింది.

రమ్యశ్రీకి ఇంకా ఊపిరి ఉంది. "వాడు నన్ను నమ్మలేదు," అంది.

"నిన్ను నమ్మినాయన్ని పొద్దున్నే చంపేశావు," అన్నాడు ధనుంజయ. ఆమె విన్నదో లేదో తెలియలేదు. అద్దాల వెనక కళ్లు కదలడం మానేశాయి.

విక్టర్‌ను శోభారాణి టీంకు అప్పగించి, సాయంత్రం మదనపల్లెలో, భుజానికి కట్టుతో హెడ్‌సెట్ పెట్టుకున్నాడు ధనుంజయ. లైన్ మోగింది. గాజు తలుపు అవతల శోభారాణి చేతులు కట్టుకుని నిలబడింది. ఆమెకు పెదవుల కదలికే తప్ప మాట వినపడదు.

"పలమనేరు బస్సు పోయిందా?" అంది తేజస్విని. కోడ్.

"మామిడి లోడు కోసం ఆగుండాది."

ఆమె గబగబా చెప్పాల్సినవి చెప్పింది. ఓడ పేరు, రేవు, సరుకు. తర్వాత గొంతు మెత్తబడింది. "సార్, రూల్ కాదని తెలుసు. ఒక్క మాట. మా నాయన ఎట్లుండాడు?"

చెబితే ఏడుస్తుంది. ఏడ్చిన కళ్లతో రేపు ఆఫీసుకు పోతే ఎవడో ఒకడు ఎందుకని అడుగుతాడు. ఎందుకని అడగడంతోనే అక్కడ అన్నీ మొదలవుతాయి. చెప్పకపోతే, గోవిందప్పకు రేపు పుంగనూరులో పరాయివాళ్లెవరో తలకొరివి పెడతారు.

"బాగుండాడమ్మా," అన్నాడు. "నిన్ను అడిగినాడు."

"నేనూ అడిగినానని చెప్పండి సార్."

"చెప్తాను."

లైన్ కట్ అయింది. ఎదురుగా కొత్త రాక్‌లో కొత్త డిస్కులు, నిండా పచ్చ లైట్లు. కాల్ మొత్తం అందులోకి వెళ్లింది. ధనుంజయ ఓడ పేరు, రేవు, సరుకు కాగితం మీద రాసి, రికార్డింగ్ డిలీట్ కొట్టాడు. ఖాయమా అని సిస్టం అడిగితే ఖాయమే అన్నాడు.

శోభారాణి తలుపు తీసింది. కాగితం చదివింది. అతని మొహం చూసింది.

"కాల్ రికార్డ్ అయిందా?"

"లేదు మేడం," అన్నాడు ధనుంజయ, పోయిన వారమే కొన్న రాక్ వైపు చూస్తూ. "స్టోరేజ్ ఫుల్."