వీపు నీళ్ళు

బొగ్గుబాయి పనోళ్ల క్వార్టర్లల్ల పొద్దుగూకుడంటే సూర్యుడు మునుగుడు కాదు, సైరన్ కూసుడు. ఆ కూతకు అక్కడ లక్సెట్టిపేటల పండుకున్న ఎడ్లు లేచి నిలబడేవి, గోదారిల చేపలు దారి తప్పేవి. కూత ఆగంగనే లైనంత ఒకటే తీరు పని. ఇంటెనుక బొగ్గుల పొయ్యి మీద నీళ్ల కాగు. పక్కన తానం బండ. బండ మీద సబ్బుబిళ్ళ, బీరపీచు, చెంబు.

బాయిల నుంచి వచ్చేటోళ్లు మనుషుల లెక్క ఉండకపోదురు. బొగ్గుపెళ్లలకు కాళ్లొచ్చినట్టే. అట్ల వచ్చిన మొగని మొఖం చూడొద్దు, పలకరించొద్దని ఆ లైన్ల ఆడోళ్ల కట్టుబాటు. భూమి అడుగుకెల్లి మనిషెంబడి ఏమేం అంటుకొని వస్తదో ఎవలకెరుక. ఆయన తనంతట తానే తానం చేసి, చెయ్యందని వీపు మాత్రం ఇంటి దిక్కు తిప్పి కూసుంటడు. చెంబుతోని బండ మీద రెండుసార్లు కొడుతడు. టక్. టక్. అప్పుడు భార్య తలొంచుకొని వచ్చి వీపు రుద్ది ఆఖరి చెంబు పోస్తది. అవి వీపు నీళ్ళు. అవి పడ్డంకనే మొఖాలు, మాటలు, కొట్లాటలు. అందుకే ఆ ఆడోళ్లకు మొగని మొఖం కంటే వీపే బాగ గుర్తు.

సరోజన అయితే మొగిలి వీపును ఊరందరి వీపుల నడుమ కండ్లు మూసుకొని పట్టేది. తట్ట మోసీ మోసీ ఆయన ఎడమ భుజం మీద కాయగాసింది. ఆమె చెప్పంగ వింటే అది కొబ్బరికాయంత. నిమ్మకాయంతన్న ఉండేది తియ్. కుడిచేతి చిటికెనవేలు సగమే, ఎన్నడో బొగ్గు మోసే టబ్బుల నడుమ పడి తెగింది. మనిషి మంచోడు. అదే ఆమె ఫిర్యాదు.

"నల్లకాడ ఎనుకకు జరుగుతడు. బస్సుల సీటిస్తడు. మైసమ్మ కాడ ప్రసాదం గూడ పక్కోనికిచ్చి ఒట్టిచేతులతోని ఇంటికొస్తడు. ఎవలన్న అడిగితే నన్ను గూడ ఇచ్చేటట్టున్నడు" అని ఆమె తిడుతుంటే గోదారి అవతలి ఒడ్డుకు వినబడేది. మొగిలి నవ్వి ఊకునేటోడు.

చొప్పదండి దిక్కుకెల్లి కొత్తగ పనికొచ్చిన రాజంను ఆయితారం ఆయితారం అన్నానికి తోలుకొచ్చింది గూడ మొగిలే. పెండ్లికానోడు, ఎముకల గూడు. "వానికి వీపు రుద్దెటోళ్లు లేరే, మెడకాడ బొగ్గు పేరుకపోయింది" అని జాలిపడేటోడు.

ఆ భాద్రపదంల ఆకాశానికి తూటు పడ్డట్టు వానలు. ఒకనాడు మొగిలి బండ మీద చెంబు కొట్టిండు. సరోజన గోడకాడ నిలబడి పక్కింటి ఎల్లక్కతోని ముచ్చట పెడుతున్నది. టక్. టక్. మళ్ల కొట్టిండు.

"రేపు రుద్దుత తియ్. ఒక్కనాటికి బొగ్గు కరవదు" అన్నది ఎనుకకు తిరగకుండనే.

ఆయన నల్లని వీపు మీదనే అంగి తొడుక్కున్నడు.

తెల్లారి బాయిల నీళ్లు తిరగబడ్డయి.

ఇగ ఆ ముచ్చట పెంచి చెప్పేది కాదు. మోటార్లు పెట్టి తోడిండ్రు, తోడిన కొద్దీ ఊరింది. ఆడోళ్లు బాయి మొగదల కాడ, కిందికి దిగే తొవ్వ కాడ, వానలనే కూసున్నరు. మొగిలిది లేదు, రాజంది లేదు, ఒక్క శవం గూడ పైకి రాలే. ఆఖరికి మొగదల మూసిండ్రు. బయటపడ్డ ఒకాయన, మొగిలి తనను పైకి నూకి తాను ఎనుకకు జరిగిండని చెప్పిండు. సరోజన విన్నది. ఇంటికొచ్చి గోడ మీది మైసమ్మ పటాన్ని మొఖం గోడదిక్కు తిప్పి పెట్టింది.

పెత్రమాస దగ్గరపడ్డది. చచ్చిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమాస. లైన్ల ఒక్క ఆడిది గూడ చాటల బియ్యం పొయ్యలే. బియ్యం ఇస్తే మొగడు పోయిండని ఒప్పుకున్నట్టు. దానికి బదులు అందరు పొద్దుగూకంగ కాగుల నీళ్లు పెట్టి, చెంబులు కడిగి, బండ కాడ పెట్టి లోపటికి పోతున్నరు. వేరే బాయిలకెల్లి సైరన్ కూస్తనే ఉన్నది గద.

ఒకనాడు సరోజన కాగు దించుతందుకు పోతే నీళ్లు సగమైనయి. బండ నల్లగున్నది. మురికి కాల్వల మసి నీళ్లు పారుతున్నయి, నురుగుతోని.

గోడ మీదికెల్లి మెల్లగ పిలిచింది. "ఎల్లీ, మీ బండ చూడు."

ఎల్లక్క తమ బండ కాడికి పోయి వంగి చూసింది.

"మాది గూడ, వదినె" అన్నది ఎల్లక్క.

ఎల్లక్క అత్త భూమవ్వ లైన్ల ఎవలు పోయినా పీనుగకు తానం పోసే మనిషి. ఆమె కొడుకు, ఎల్లక్క మొగడు బాలమల్లు గూడ ఆ బాయిలనే ఉన్నడు. ఏడ్చి ఏడ్చి ఆమె కండ్లు రెండు ఎండిన నక్కెర పండ్ల లెక్కయినయి.

"తానం పోయనిది పీనుగకు తొవ్వ దొరకది పిల్లా. వీళ్లకెవలు పోసిండ్రు? మీరేమో నీళ్లు పెట్టి లోపటికి ఉరుకుతున్నరు. వీపెవలు రుద్దాలె?"

"నీకు నమ్మకమేనా అవ్వా?" అని అడిగింది సరోజన.

"నమ్మి చెప్తలేను. నమ్ముతందుకు చెప్తున్న. పెత్రమాస ముందటి పొద్దు అందరు బండల కాడ కూసోండ్రి. మొఖం చూడకుండ్రి. రుద్ది సాగదోలుండ్రి. తెల్లారి బియ్యం ఇద్దాం."

ఆ పొద్దు సరోజన కొత్త బీరపీచు తీసింది. ఆమెకు దెయ్యం భయం లేదు. ఆ ఒక్క వీపు రుద్దాలె. రేపు రుద్దుతనన్న మాట తీరాలె. అంతే.

సైరన్ కూసింది. ఆగింది. లైన్ల ఉన్న కుక్కలన్ని మంచాల కిందికి దూరినయి. కాకులు గూడ చెట్లల్ల ఊపిరి బిగవట్టినయి. గాలి లేకున్నా పొయ్యి మంట నేలకు వంగింది. ముందుగాల వాసనొచ్చింది. తడిసిన బొగ్గు వాసన. మూసిన బాయిల గాలి వాసన.

దూరంగ నీళ్లు నిండిన బూట్ల చప్పుడు.

చప్... చప్... చప్...

ఒక్కలయి కావు. లైనంత. ఒక్కొక్క ఇంటెనుక ఒక్కొక్క చప్పుడు ఆగుతున్నది.

సరోజన ఇంటెనుక గూడ ఆగింది.

ఆమె తలొంచుకున్నది. నీళ్లు పోసుకుంటున్న చప్పుడు... మళ్ల... మళ్ల... తర్వాత బండ మీద ఎవలో కూలబడ్డరు.

టక్... టక్...

లేచింది. నీళ్లు పోసి చెయ్యి వేసింది. బాయి గోడ లెక్క చల్లగున్నది. రుద్దింది. వేళ్ల నడుమకెల్లి నల్లగ కారింది.

"ఆనాడు రుద్దకపోతిని" అన్నది గుసగుసగ. "తప్పయింది. గోడకాడ ఏం ముచ్చట పెట్టిననో గూడ యాదికి లేదు."



చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది.

నున్నగున్నది.

మళ్ల తడిమింది... కాయ లేదు. కుడి దిక్కు... లేదు. వెడల్పు లేని వీపు. చేతికి తాకేవన్ని ఎముకలే. మెడకాడ పేరుకపోయిన బొగ్గు...

చెయ్యి అక్కడనే ఆగింది. ఉరుకుదామన్నది పాణం. ముందటున్న వీపు సన్నగ వణుకుతున్నది, సలికి వణికే పిలగాని లెక్క. ఇప్పుడు ఇడిసిపెడితే వీడెటు పోవాలె?

"రాజం..." అన్నది పెదవులతోనే. "మా ఆయన తన బండ గూడ నీకే ఇచ్చిండా, కొడకా?"

వీపు ఇంక జర వంగింది.

ఇగ ఆమె ఏడ్చుకుంటనే రుద్దింది. మెడ రుద్దింది, చెవులెనుక రుద్దింది, ఒక తల్లి కన్నబిడ్డకు రుద్దినట్టు. ఆమె కండ్లనీళ్లకే కాగు నిండేది. నల్లనీళ్లు బూడిద రంగయినయి. బూడిద రంగు తెల్లగైంది. ఆఖరి చెంబు పోసింది. వణుకు ఆగింది.

తలెత్తేసరికి బండ ఖాళీ. తెల్లగ మెరుస్తున్నది.

గోడ అవతల ఎల్లక్క వెక్కుతున్నది.

"వదినె... నేను రుద్దిన వీపుకు ఎడమ భుజం మీద ఇంత కాయున్నది."

సరోజన గోడ పట్టుకున్నది. అడిగింది. "బాగ రుద్దినవా?"

"తోలు లేచేటట్టు రుద్దిన."

"మరి మీ ఆయన?"

"ఎవల బండ కాడ కూసున్నడో. ఎవలో రుద్దే ఉంటరు తియ్."

"ఎవలో ఒగలు రుద్దిండ్రు. చాలు" అన్నది చీకట్లకెల్లి భూమవ్వ.

సరోజన లోపటికి పోయి మైసమ్మ పటం తిప్పింది. దీపం పెట్టింది. చాటల బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క సదిరింది. మొగిలి బాయిల పడ్డంక మొదటిసారి కన్నంటుకున్నది ఆమెకు.

తెల్లారింది. బియ్యం ఇచ్చే మనిషి తలకు పోసుకోవాలె. ఎల్లక్క వచ్చి సరోజనను బండ మీద కూసోబెట్టి నీళ్లు పోసింది. పోసి, ఆగిపోయింది.

"వదినె. రాత్రి నీ వీపు ఎవలు రుద్దిండ్రు?"

"నాకెవలున్నరే రుద్దుతందుకు?"

"బొగ్గు చేతుల అచ్చులే. భుజాల కాడికెల్లి నడుందాంక. పెద్దయి, చిన్నయి. మస్తు చేతులు." ఎల్లక్క గొంతు తగ్గింది. "రుద్దుతే పోతలేవు."

సరోజన బండ వంక చూసుకుంటనే మెల్లగ అడిగింది.

"అండ్ల... సగం చిటికెనవేలుది ఉన్నదా, చూడు."

ఎల్లక్క ఒక్కొక్క అచ్చును వెదుక్కుంట చూసింది.

"ఉన్నది. అదొక్కటే వేలికి అంటుకుంటున్నది, ఇప్పుడే పెట్టినట్టు."

ఆ మాట పూర్తి కాకముందే గోడ అవతల, రాత్రి మొగిలి కూసున్న ఎల్లక్క ఇంటి బండ మీద, మనిషి లేకుండనే చెంబు మోగింది.

టక్...

టక్...