వేపమండలు విప్పిన నాంచారి

శ్రావణ బహుళ తదియ. ఆ పొద్దున నాంచారి ఇంట్లో తిన్నది జొన్నసంగటి, గోంగూర పులుసు. మధ్యాహ్నానికి అదంతా అన్న సింగన్న చాప మీదే కక్కేశాడు. కోట వాకిట నగారా మోగించిన మనిషి, ఆ కక్కులోనే చెంప ఆనించి పడుకున్నాడు. ఈగలు ముసిరాయి.

ముక్కు మూసుకోకండి పిల్లలూ, కథ ఇక్కడే ఉంది. మందగిరి రాజ్యానికి జిగటాసురుడనే రాక్షసుడు దాపురించాడు. వాడు తన చంకల్లో కారే నల్లని జిగురును తేనె అని పంచేవాడు. నాకితే దిగులు పోయేది. నాలుగు రోజులయ్యాక అది లేకుంటే ప్రాణమే పోతున్నట్టుండేది.

ఊరివాళ్ళు చేసింది అంతకంటే రోత పని. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టడం, ఆ ఇంటికి ఎవరూ వెళ్ళకపోవడం అక్కడి ఆచారం. పరువు పోతుందని, జిగురు నాకేవాళ్ళున్న ప్రతి ఇంటివారూ గుమ్మానికి వేపమండలు కట్టేశారు. అది చూసి, ఊరంతా అమ్మవారు పోసిందనుకుని రాజు భయపడి కోట తలుపులు మూసుకున్నాడు. పక్కింటి కోనప్ప ఆ మండల వెనకే చచ్చాడు. ఇంట్లోవాళ్ళు పరువుకోసం దాచారు, వీధిలోకి కంపు కొట్టేదాకా ఊళ్ళో ఎవరికీ తెలియలేదు.

"అన్న ఒంటిమీద ఒక్క పొక్కూ లేదు కదమ్మా!" అంది నాంచారి.

"నోరు ముయ్యవే! నలుగురూ వింటే తలెత్తుకుని తిరగగలమా?" అంది తల్లి, మండలు బిగిస్తూ.

అన్న కూడా కోనప్పలాగే పోతాడని నాంచారికి గుబులు పుట్టింది. అడవి అవతల ఇలాంటివాళ్ళను చేరదీసే ఇల్లుందని బాటసారులు అనగా విన్నది. అన్నను గాడిద మీద కూర్చోబెట్టి బయలుదేరింది.

వాగులో మొసలి అడ్డం వచ్చింది. "ఏం జబ్బే పిల్లా?"

"జ్వరం, మొసలి మామా!" అంది నాంచారి, తల్లి మాట గుర్తొచ్చి.

"జ్వరానికి ఇంత దూరమెందుకు? మిరియాల కషాయం తాగించు, పో!" అని తోక కొట్టి, తప్పుదారి చూపింది.

ఆ దారిలో ఒక ముని కనిపించాడు. జ్వరమన్నా నమ్మలేదు. "ఛీ, పాపిష్టి కంపు! నా ఆశ్రమం మైలపడుతుంది" అని కమండలం నీళ్ళు తన కాళ్ళ మీదే చల్లుకున్నాడు.

"ఆ నీళ్ళతో వీడి మూతి కడగొచ్చుగా సామీ!" అంది నాంచారి, అసహ్యంగా.

చివరికి ఆ ఇల్లు దొరికింది. గుమ్మంలో ఎలుగుబంటి కూర్చుని ఉంది. వెనకనే జిగటాసురుడు ఆకుదొన్నె పట్టుకుని వచ్చాడు. "ఒక్క చుక్క, సింగన్నా!" అన్నాడు. సింగన్న చెయ్యి చాచాడు.

"ఏం జబ్బు?" అంది ఎలుగు.

"జ్వ..."

"అబద్ధం కంపు కొడుతోంది. ఆ జిగురుకంటే ఘోరంగా ఉంది."

"జ్వరం కాదు!" అని నాంచారి అరిచింది. "మా అన్న జిగురు నాకుతాడు. మానలేకపోతున్నాడు. వాణ్ణి చూస్తే నాకు రోత. వాడు చస్తాడేమోనని భయం!"

సింగన్న చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నాకు మానాలనుంది" అని ఏడ్చాడు. దాపరికం తిని బతికే ఆ రాక్షసుడు అక్కడికక్కడే కప్పంత అయిపోయి పొదల్లోకి గెంతాడు. ఎలుగు పక్కకు జరిగింది.

లోపల ఆ ఇంటి పెద్ద ఎర్రమ్మవ్వ ముక్కు చిట్లించలేదు. తన కొంగుతో సింగన్న గడ్డం తుడిచింది. "అన్నం తిన్నారా?" అని అడిగింది. ఆ మాట నాంచారిని కూడా అడిగింది. "మోసి మోసి నువ్వూ చిక్కిపోయావు, తల్లీ. కూర్చో."

"నయమవుతుందా అవ్వా?"

"అవుతుంది, మెల్లగా. మధ్యలో జారినా ఈ తలుపెక్కడికీ పోదు."

సింగన్న ఒకసారి జారాడు కూడా. సిగ్గుతో తల దించుకునే అయినా, తన కాళ్ళతో తానే నడిచి తిరిగి వచ్చాడు. కోలుకున్నాక ఇద్దరూ మందగిరికి వచ్చారు. నాంచారి పట్టపగలు, అందరూ చూస్తుండగా, తమ గుమ్మానికున్న వేపమండలు విప్పి వీధిలో పడేసింది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి కోనప్ప పెళ్ళాం తన ఇంటి మండలు కూడా తెచ్చి వాటి మీద వేసింది. తర్వాత వీధి వీధంతా వేసింది. మళ్ళీ ఊళ్ళోకి పాకి వచ్చిన జిగటాసురుడు, ఒక్కో మండ పడేకొద్దీ కుంచించుకుపోయి మరకంత మిగిలితే, ఒక కోడి కాలితో గీరి పారేసింది.

రాజు తలదించుకుని కోట దిగివచ్చాడు. ఎర్రమ్మవ్వ ఇంటి వంటిదే ఒకటి కట్టించి, నాంచారిని దానికి అధికారిణిని చేశాడు. సింగన్న మళ్ళీ నగారా మోగించాడు. పొద్దుగూకాక మాత్రం ఆ ఇంటికి కాపలా ఉండేవాడు.

రోజూ అందరూ పడుకున్నాక, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసేవాడు. గడియ పెట్టేవాడు కాదు.