ఎల్లప్ప గని గట్టున కంపెనీ బడి

తాండూరు దాటి కోట్‌పల్లి దిక్కు పోయే దారిలో, కందిచేల నడుమ ఒక పాత నాపరాయి గని ఉంది. ఎల్లప్ప గని అంటారు దాన్ని. ఎల్లప్ప అంటే సేడం దిక్కు నుంచి వచ్చిన రాళ్లు కొట్టే మనిషి. ఒక వానాకాలం సాయంత్రం బండతో పాటు జారి కింద పడ్డాడు. గనిలో నీళ్లు నిండాయి. మనిషి దొరకలేదు.

దొరకలేదు సరే... పిలవడం మాత్రం మానలేదంటారు.

పొద్దుగూకినాక అటు పోతే పేరు పెట్టి పిలుస్తాడట. పడ్డ బండ లేపాలి కదా — ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఇంకో మనిషి కావాలి. ఇదంతా నేను విన్న మాటే. నా ధైర్యం సంగతి అడగొద్దు. ఆ దారిన పోయే బస్సులో కిటికీ పక్క సీటు ఎవరికైనా ఇచ్చేస్తాను, అదీ మర్యాద కోసం ఇచ్చినట్టు.

అట్లాంటి గని గట్టున బడి కట్టారు. మామూలు బడి కాదు, ఇంటర్నేషనల్ స్కూల్. కొత్త సిమెంటు ఫ్యాక్టరీకి ఎక్కడెక్కడి నుంచో బదిలీ మీద వచ్చిన ఇంజనీర్ల పిల్లల కోసం. పూణె పిల్లలు, మస్కట్‌లో పెరిగిన పిల్లలు, కొరియా పిల్లలు. ఊరివాళ్లు దాన్ని కంపెనీ బడి అంటారు. ఇంత మంచి జాగా ఇన్నాళ్లు ఎందుకు ఖాళీగా ఉందని కంపెనీవాళ్లు అడగలేదు. అడగనిదే మనకెందుకని ఊరివాళ్లు చెప్పలేదు.

ఆ బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని దశరథ్‌ది. కుల్కచర్ల మనిషి. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, చీకట్లో మందకు కాపలా పడుకోలేక ఈ పనికి పారిపోయి వచ్చానని తనే చెప్పుకుని నవ్వుతాడు. రోజూ సాయంత్రం బస్సు కదిలే ముందు తలలు లెక్కపెడతాడు. ఆ రోజు కూడా లెక్క సరిపోయింది.

సరిపోవడమే కొంప ముంచింది.

బదిలీల బడి కదా, ఎప్పుడు ఏ పిల్ల వస్తుందో, ఏ పిల్ల పోతుందో తెలియదు. ఆ పొద్దున్నే ఒక కొత్త పిల్లవాడు చేరాడు. దశరథ్‌కు ఎవరూ చెప్పలేదు. తలలు నిన్నటి లెక్కకే వచ్చాయి. "రైట్ రైట్" అన్నాడు. కొత్తవాడు ఎక్కాడు... బడి వెనక ఆటలో పడ్డ ఇరా మిగిలిపోయింది.

ఇరా ఒకటో తరగతి పిల్ల. మస్కట్ నుంచి వచ్చి నెల కాలేదు. ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర పిల్లలందరూ దిగాక, ఆ పిల్ల తల్లి బస్సులోకి తొంగి చూసింది. ఖాళీ సీట్లన్నీ చూసింది. తర్వాత దశరథ్ ముఖం చూసింది.

బడికి ఫోన్ చేస్తే వాచ్‌మన్ ఎత్తాడు. గదుల్లో ఎవరూ లేరన్నాడు. వెనక కంచె దగ్గర మాత్రం ఒక చిన్న సంచి పడి ఉందన్నాడు.

కంచె అవతల గని.

తల్లిని ఎక్కించుకుని బస్సు వెనక్కి ఉరికింది. బడి చేరేసరికి చీకటి పడ్డది. తల్లి, వాచ్‌మన్ కలిసి మళ్లీ గదులు వెతకడానికి పోయారు. డ్రైవర్ జహూర్ బస్సును తిప్పి, లైట్లు కంచె మీదికి వేశాడు.

"భాయ్, నువ్వు గూడ రా," అన్నాడు దశరథ్, గొంతు తగ్గించి.

"అరే దశరథ్, నా మోకాళ్లు నీకెరుకే గదా. నేనిక్కడ లైటు చూసుకుంట."

"బస్సు లైటుకు నువ్వు చూసుకునేదేముంటది భాయ్?"

"ఇంజన్ బంద్ అయితే? పో పో, జర జల్ది పో. పసిపిల్ల!"

పసిపిల్ల — ఆ మాటతోనే దశరథ్ కాళ్లు కదిలాయి.

కంచె కింద కుక్కలు దూరే సందు ఉంది. పాక్కుంటూ దాటాడు. అవతల రాతి ముక్కల కుప్పలు, మనిషి ఎత్తున. బస్సు వెలుగు ఆ కుప్పల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత చేతిలో ఉన్న ఫోన్ లైటే. దాని వెలుగు అతని చెప్పుల దాకా కూడా సరిగ్గా పడడం లేదు.

గని అంచున నిలబడ్డాడు. కింద నీళ్లు... నీళ్లని తెలుస్తోంది, కనబడడం లేదు.

"ఇరా! ఇరా బిడ్డా!"

గోడలకు తగిలి తన మాటే తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. కీచురాయి చప్పుడు కూడా లేదు.

"ఈడ లేనట్టుంది," అని తనకు తానే చెప్పుకున్నాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు. అబద్ధమెందుకు, ఆ అడుగు వేసినప్పుడు ప్రాణం హాయిగానే అనిపించింది.

అప్పుడు —

"దశరథా..."

కింద నుంచి. నీళ్లలో నానినట్టున్న గొంతు. ఒక్కసారే.

దశరథ్ రాయి అయిపోయాడు. నాయనమ్మ హన్మమ్మ చిన్నప్పుడే చెప్పింది — చీకట్ల ఎవలన్న పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాంక పలుకొద్దు బిడ్డ. మనిషైతే మూడుసార్లు పిలుస్తడు. అదయితే మూడోసారి పిలువది. మొదటి పిలుపుకే పలికినోడు దాని ఎంబడి పోతడు. ఈ మాట దశరథ్ ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, పని చెప్పడానికి భార్య పిలిచినా మూడోసారికే పలుకుతాడు. పగలు కూడా.

అందుకే పెదవులు బిగించాడు. రెండో పిలుపు కోసం చూశాడు.

రాలేదు.

ఇంకా చూశాడు... రాలేదు.

కింద ఎక్కడో రాతి ముక్క ఒకటి జారింది. బుడుంగుమని నీళ్లలో పడింది. ఒకవేళ పిలిచింది పిల్లే అయితే? మూడుసార్లు పిలిచే ఓపిక ఆ పిల్లకు లేకపోతే? రెండోసారి పిలిచే లోపల జారిపోతే? బస్సు మెట్ల దగ్గర ఆ తల్లి చూసిన చూపు కళ్లముందు నిలబడింది.

"ఓయ్! ఇగో... వస్తున్న!"

పలికేశాడు. పలికిన నోరు తనది కానట్టు చల్లబడిపోయింది. అయినా దిగాడు. ఒకప్పుడు బండలు కోసిన చోటల్లా మెట్టు మాదిరిగా ఉంది. కూర్చుని, జారి, మోచేతులు చెక్కుకుపోతుంటే ఒక్కో మెట్టూ దిగాడు. నీళ్లకు కొంచెం పైన ఫోన్ లైటు దేని మీదో పడింది.

ఒక చెయ్యి.

చిన్నది. తెల్లగా... నిటారుగా... చీకట్లోంచి పైకి లేచి ఉంది.

దశరథ్ నోట్లోంచి అరుపు కూడా రాలేదు. వచ్చి ఉంటే తాండూరు స్టేషన్ దాకా వినబడేది.

వెలుగు కిందికి జారింది. చెయ్యి కింద స్కూల్ డ్రెస్సు. డ్రెస్సు పైన రెండు కళ్లు. ఇరా! బండ మీద ముడుచుకుని కూర్చుంది. ఒక కాలికి బూటు లేదు. కుడి చెయ్యి ఎత్తి, అది పడిపోకుండా ఎడమ చేత్తో మోచేతిని పట్టుకుంది.

ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంది, గుండె కొట్టుకుంటోంది. దశరథ్‌కు ఏడుపొచ్చింది. ఎట్లా పైకెక్కాడో అతనికే తెలియదు. గట్టు మీదికొచ్చి కూలబడి, నవ్వొకటి, ఏడుపొకటి కలిపి కోప్పడ్డాడు.

"ఒక్కపారి పిలిచి ఊకుంటరా బిడ్డా? గట్టిగ మల్ల పిలువాలె గదా! నా పానం పోయింది!"

పిల్లకు తెలుగు రాదు. వచ్చిన హిందీలో మళ్లీ అడిగాడు. ఇరా కూడా హిందీలోనే, పరీక్షలో జవాబు చెప్పినట్టు చెప్పింది.

"నేను పిలవలేదు."

"మరి?"

"అరవకూడదని మా టీచర్ చెప్పింది. ఏం కావాలన్నా చెయ్యెత్తి, చూసేదాకా ఆగాలి. మీరు నా పేరు పిలిచారు కదా... అప్పుడే ఎత్తాను."

దశరథ్‌కు ఆ మాట నెమ్మదిగా ఎక్కింది.

"నా పేరు తెలుసు గదా నీకు? దశరథ్ అని?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. బస్సులో పిల్లలందరికీ అతను భయ్యా. పేరు ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

కుప్పల అవతల నుంచి జహూర్ హారన్ కొడుతున్నాడు. ఆ చప్పుడు ఆగింది. గని మీద నిశ్శబ్దం మూత పెట్టినట్టు పడింది.

"దశరథా..."

రెండోసారి. ఇందాక ఎక్కి వచ్చిన మెట్ల మీది నుంచి.

మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. అది మనిషో కాదో తేలాలంటే ఇంక ఒక్క పిలుపు వింటే చాలు. కోట్‌పల్లి నుంచి తాండూరు దాకా అందరూ దశరథ్‌ను ఇప్పటికీ అదే అడుగుతారు — మూడోసారి పిలిచిందా లేదా అని.

వినడానికి దశరథ్ అక్కడుంటే కదా.