దొరసాని మాత్రం తుమ్మలేదు

ఆమె డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పకముందే చేతిలోని బ్యాగు కింద పెట్టింది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి గానీ గొంతు మాత్రం వణకలేదు.

"మా అత్తగారి కోళ్ళని నేను చంపుతున్నానంటున్నారు సార్. సాయంత్రానికల్లా పుట్టింటికి వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళమంటే వెళ్తాను. కానీ ఈ నింద నెత్తిన పెట్టుకుని మాత్రం వెళ్ళను. ఇది ఎవరి పనో మీరు తేల్చాలి."

డిటెక్టివ్ సహాయకుడికి నవ్వొచ్చింది. అతను ఒకప్పుడు పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసేవాడు. ఒక హత్య కేసులో డిటెక్టివ్ తెలివికి దిమ్మతిరిగి, కెమెరా అటకెక్కించి ఆయన వెంటే ఉండిపోయాడు. అంతటి మనిషి కోళ్ళ జబ్బు మీద బుర్ర పెట్టడం అతనికి చిన్నతనంగా తోచింది. డిటెక్టివ్ ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వు కాస్తా గొంతులోనే ఆగిపోయింది.

ఈ డిటెక్టివ్‌ని అందరూ నిదానంగారు అంటారు. ఆయన టీ తాగడం ఒకసారి చూసినవాళ్ళకి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు.

"కూర్చోండమ్మా. మొదట్నించీ చెప్పండి. మీకు నష్టం తెచ్చే సంగతైనా దాచకండి."

"దాచడానికేముంది? నాకు ఆయాసం. కోళ్ళ దుమ్ము పడదు. 'ఇవన్నీ చస్తే గానీ నాకు ఊపిరాడదు' అని ఒకరోజు విసుగులో అనేశాను. అన్న మాట అనలేదని చెప్పను. వాసన పోవాలని పెరడంతా ఫినాయిలుతో కడుగుతాను, అదీ నిజమే. అత్తయ్య కంటి ఆపరేషన్ చేయించుకుని, కొన్నాళ్ళు వాళ్ళ చెల్లెలింట్లో ఉండి వచ్చారు. అన్నాళ్ళూ కోళ్ళని మామయ్యే చూసుకున్నారు. ఆవిడ వచ్చాక కోళ్ళు తుమ్మడం మొదలుపెట్టాయి. రెండు పోయాయి కూడా."

"డాక్టరుకి చూపించారా?"

"పశువుల డాక్టరు వచ్చి పరీక్షలు చేయించారు. మనుషులకి భయం లేదుట. కోళ్ళ ఊపిరికి పట్టే అంటురోగమట. కొత్త కోడినేమైనా తెచ్చి కలిపారా అని అడిగారు. లేదన్నాం. దాంతో అత్తయ్య, కొత్త కోడి రానప్పుడు అంటురోగం ఎక్కణ్ణించి ఊడిపడుతుంది, ఇది కోడలి ఫినాయిలు పనేనని తేల్చేశారు."

నిదానంగారు టీ గ్లాసు సగంలో వదిలేసి లేచారు. సహాయకుడు గబగబా చెప్పులు వేసుకున్నాడు. ఆయన టీ వదిలేశారంటే కేసు ఆయన్ని పట్టుకుందని అతనికి బాగా తెలుసు.

పెరట్లో కోళ్ళగూడు ముందు నల్ల కళ్ళద్దాలతో అత్తగారు కూర్చుని ఉంది. గుడ్లు అమ్ముతుంది గనక వీధిలో అందరికీ ఆమె గుడ్లమ్మ. ఒళ్ళో గోధుమరంగు కోడి ఒకటి నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. లాగినప్పుడల్లా గొంతు గుర్రుమంటోంది. దాని కళ్ళ మూలల్లో నురగ, ముఖం ఒకపక్క వాపు. గుడ్లమ్మ దాని ముక్కు తుడుస్తూ ఏడుస్తోంది. అది చూశాక సహాయకుడికి ఇందాక నవ్వొచ్చినందుకు నిజంగానే సిగ్గేసింది.

"నా కోడలు పిలుచుకొచ్చిందా మిమ్మల్ని? అడగండి. నాకేం భయం?" అంది గుడ్లమ్మ.

"ముందు ఏది జబ్బుపడిందమ్మా?"

"గూట్లో అడ్డకర్ర మీద తలుపు వైపు పడుకునేవి రెండూ. అవే పోయాయి. తర్వాత వాటి పక్కది, ఇదిగో ఇదే. ఆ తర్వాత దీని పక్కది. అలా వరసగా అన్నిటికీ వచ్చింది."

"రానిదంటూ లేదా?"

"దొరసానికి రాలేదు." గోడ వారగా ఒంటరిగా తిరుగుతున్న నల్లకోడిని చూపించింది. "పిల్లగా ఉన్నప్పట్నించీ అరచేతిలో పెంచాను దాన్ని. అన్నిటి మీదా దానిదే పెత్తనం. కర్ర మీద నడిమధ్యన పడుకునేది. ఇప్పుడు తలుపు పక్కన ముడుచుకుంటోంది. పిలిస్తే నా దగ్గరికే రావడం లేదు. ఈ ఫినాయిలు కంపుకి బెదిరిపోయింది పాపం."

నిదానంగారు గూటి తలుపు ముందు చతికిలబడ్డారు. చెక్క పాతది, రంగు వెలిసిపోయింది. గొళ్ళెం మాత్రం తళతళలాడుతోంది.

"ఇదెవరు బిగించారు?"

"నేనే," అన్నాడు గుడ్లమ్మ భర్త. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. "తుప్పుపట్టిందని మార్చాను. ఆవిడ ఊళ్ళో లేనప్పుడు."

మెట్టు మీద కూర్చున్న కొడుకు తల తిప్పాడు. అతను ఎలక్ట్రీషియన్. ఎవరి పక్షాన మాట్లాడాలో తెలియక పొద్దుట్నించీ ఆ మెట్టుకే అతుక్కుపోయాడు. "నువ్వా నాన్నా? బల్బు మార్చాలన్నా నన్నే పిలుస్తావుగా!"

పెద్దాయన నీళ్ళు నమిలాడు. నిదానంగారు రెట్టించలేదు. పక్కకి వెళ్ళి పశువుల డాక్టరుతో ఫోన్లో చాలాసేపు మాట్లాడి, తిరిగొచ్చి గుప్పెడు నూకలు అడిగారు.

"అందరూ ఒకసారి ఇటు రండి. ఏం జరుగుతుందో చూడండి."

నూకలు నేల మీద చల్లారు. కోళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాయి. గోధుమరంగుది కూడా ఒళ్ళోంచి దిగింది. నల్లకోడి దగ్గరికి రాగానే, సరిగ్గా నిలబడే ఓపిక లేని కోళ్ళు సైతం దాన్ని నెత్తిన పొడిచి తరిమేశాయి.

"ఫినాయిలు ఘాటే కారణమైతే గూట్లో ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి ఇబ్బందిపడాలి," అన్నారు నిదానంగారు. "ఇక్కడ జబ్బు కర్ర వెంట ఒకదాన్నించి పక్కదానికి నడుచుకుంటూ వెళ్ళింది. అంటురోగం అలాగే పాకుతుంది. డాక్టరు చెప్పింది అక్షరాలా నిజం. మరి ఎక్కడ మొదలైంది? తలుపు పక్కన. అక్కడ పడుకునేదెవరు?"

"దొరసాని. కానీ దానికి జబ్బే లేదు కదండీ!" అన్నాడు సహాయకుడు.

"నాకూ అదే అడ్డం పడింది. ఒంట్లో బాగున్న కోడి ఎందుకు బెదరాలి? పెత్తనం చేసిన కోడి ఎందుకు తన్నులు తినాలి? కోళ్ళు అలా తరిమేది కొత్తగా వచ్చినదాన్ని. గుడ్లమ్మగారూ, ఇది మీ దొరసాని కాదు. ఈ జబ్బు ఎప్పుడో చేసి తేరుకున్న కోడి. పైకి బాగానే ఉంటుంది గానీ, జబ్బుని ఒంట్లో ఉంచుకుని మిగతావాటికి అంటిస్తుందిట. మీ కళ్ళకి ఇంకా చూపు కుదురుకోలేదు గనక మీరు పోల్చుకోలేకపోయారు. పాత గొళ్ళెం ఎందుకు పోయిందో, ఈ కోడి ఎందుకొచ్చిందో మీవారే చెప్పాలి."

గుడ్లమ్మ నల్లకోడిని పట్టుకుని, అద్దాలు పైకెత్తి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"నా దొరసాని ఏది?"

"ఆ తుప్పు గొళ్ళెం నేను సరిగ్గా వెయ్యలేదు," అన్నాడు పెద్దాయన తలెత్తకుండా. "కుక్క తలుపు తోసి లాక్కుపోయింది. పొద్దున చూస్తే ఈకలే ఉన్నాయి. నువ్వేమో ఆపరేషన్ అయిన మనిషివి. ఏడిస్తే కళ్ళకి మంచిది కాదన్నారు. మార్కెట్టంతా గాలించి అచ్చం అలాంటిదే తెచ్చాను."

"కోడి పోవడం పొరపాటు," అన్నారు నిదానంగారు. ఆయన గొంతు మొదటిసారి కటువుగా వినిపించింది. "కొత్తది తేవడం మీవిడ మీద ప్రేమ. మరి కళ్ళెదుట కోడల్ని గెంటేస్తుంటే నోరు మెదపకపోవడం ఏంటండీ?"



"నాకు చెప్పకూడదా?" అంది గుడ్లమ్మ ఆయనతో, మెత్తగా. కాసేపు కళ్ళు ఒత్తుకుని, కోడలి వైపు చూసింది. "ఆ బ్యాగు లోపల పెట్టమ్మా."

కోడలు కదల్లేదు. "ఇంత చేసిన మామయ్యని ఒక్కమాట అనలేదు మీరు. నన్నయితే అడగకుండానే పొమ్మన్నారు."

"నేనూ అడగలేదు," అన్నాడు కొడుకు మెట్టు మీంచి లేచి.

గుడ్లమ్మ లేచొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే తల్లీ. నీ కోపం తీరేదాకా తిట్టు. వెళ్ళకు."

కోడలు ఆ చెయ్యి విదిలించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. "డాక్టరు ఏం చెయ్యమన్నారు సార్?" అని నిదానంగారిని అడిగింది.

"నల్లదాన్ని విడిగా ఉంచాలి. గూడు గాలాడేలా తెరవాలి. మిగతావాటికి మందు నీళ్ళలో కలిపి పట్టాలి. ఆయన చెప్పేదాకా గుడ్లు అమ్మకూడదు. మీరు మాత్రం ఆ దుమ్ములోకి వెళ్ళకండి."

"ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను." ఆమె దండెం మీది తువ్వాలు తీసి ముక్కు మీదుగా బిగించి కట్టుకుంది. "మామయ్యా, ఆ నల్లదానికి వేరే గంప చూడండి. దాని నీళ్ళు కూడా వేరే పెట్టండి. ఏమండీ, మీరు మందుకి వెళ్ళండి. అత్తయ్యా, ముందు మీరు ఏడుపు ఆపండి. ఆపరేషన్ అయిన కళ్ళవి."

తండ్రీ కొడుకులు చెప్పిన పనికి కదిలారు.

"మరి నువ్వు ఉంటావా అమ్మా?" అంది గుడ్లమ్మ వెనకనుంచి, భయంభయంగా.

కోడలు గోధుమరంగు కోడిని రెండు చేతులా ఎత్తి గుండెకి ఆనించుకుంది. "ముందు ఇవి బతకాలి. ఆ సంగతి అప్పుడు చెప్తాను."